పని ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు

ఒక జుమా రోజు నమాజు ముగిశాక ఒక పెద్దమనిషి మిఠాయి పొట్లంతో నా దగ్గరకు వచ్చారు. పక్కన ఇరవై ఏళ్ల కొడుకు ఉన్నాడు. "మౌల్వీ సాబ్, మావాడికి ఉద్యోగం వచ్చింది. దుఆ చేయండి" అన్నారు. సంతోషించి, ఏం ఉద్యోగమని అడిగాను. వడ్డీకి అప్పులిచ్చే ఒక ప్రైవేటు సంస్థ తరఫున ఇల్లిల్లూ తిరిగి వాయిదాలు వసూలు చేసే పని. జీతం బాగుంది, పైన కమిషన్ ఉంది, బండికి పెట్రోలు కూడా వాళ్లే పోస్తారట. నాకు వెంటనే మాట రాలేదు.

ఆయన వెళ్లబోతూ గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పారు. "మా అమ్మాయి ఇంటర్ పాసయింది. నర్సింగు చదువుతానని పట్టుబట్టింది. బంధువుల్లో తలెత్తుకోలేం. మీరైనా దానికి ఒక మాట చెప్పండి."

కొడుకు పనికి మిఠాయి, కూతురి కోరికకు సిగ్గు! అల్లాహ్ త్రాసులో పెట్టి తూచితే ఈ రెండూ తారుమారు కావా? ఆ రాత్రంతా నేను ఇదే ఆలోచించాను. ఆ తండ్రిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. పిల్లల పని గురించి ఆలోచించేటప్పుడు మనలో చాలామందికి రెండే కొలతలు: జీతమెంత? నలుగురూ ఏమనుకుంటారు? ధర్మం మనకు నేర్పిన కొలతలు వేరే ఉన్నాయి. ఈ నెల పాఠంలో వాటిని నాలుగు ప్రశ్నలుగా చూద్దాం.

సంపాదన దీన్‌కు బయటిది కాదు

నమాజు, రోజా, జకాత్, హజ్... ఇవే ఇబాదత్ అనీ, దుకాణం, పొలం, ఆఫీసు కేవలం దునియా వ్యవహారాలనీ చాలామంది అనుకుంటారు. దైవప్రవక్తల జీవితాలు ఈ అభిప్రాయాన్ని సరిచేస్తాయి. హజ్రత్ దావూద్ (అ) రాజై ఉండి కూడా తన చేతి కష్టంతోనే తినేవారని హదీసు చెబుతోంది (బుఖారీ). హజ్రత్ జకరియ్యా (అ) వడ్రంగి (ముస్లిం). ప్రవక్తలందరూ గొర్రెలు కాచినవారేననీ, తానూ మక్కావాసుల గొర్రెలను కూలికి కాశాననీ మహాప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా తెలియజేశారు (బుఖారీ).

ఒకసారి చురుగ్గా పనికి వెళ్తున్న ఒక మనిషిని చూసి, ఈ ఉత్సాహం దైవమార్గంలో ఉంటే ఎంత బాగుండేదని సహాబాలు అనుకున్నారు. చిన్న పిల్లల కోసమో, ముసలి తల్లిదండ్రుల కోసమో, ఒకరి ముందు చేయి చాచకుండా ఉండటానికో బయలుదేరినవాడు దైవమార్గంలో ఉన్నట్లేనని ప్రవక్త (స) వారికి వివరించారు. గొప్పలకు పోయి డాంబికం కోసం బయలుదేరినవాడిది మాత్రం షైతాను మార్గమని హెచ్చరించారు (తబ్రానీ). అంటే దారి ఒకటే అయినా సంకల్పాన్ని బట్టి అది ఇబాదత్ కావచ్చు, కాకపోవచ్చు.

మద్‌యన్ బావి దగ్గర

పని వెతుక్కునే యువకులకు దివ్య ఖుర్ఆన్‌లో ఒక గొప్ప పాఠం ఉంది. అది 28వ సూరా అల్ ఖసస్‌లో వచ్చే హజ్రత్ మూసా (అ) గాథ. ఈజిప్టు నుండి ప్రాణభయంతో బయలుదేరి ఆయన మద్‌యన్ చేరుకున్నారు. ఇల్లు లేదు, పని లేదు, తెలిసిన మనిషి లేడు. బావి దగ్గర కాపరులు తమ పశువులకు నీళ్లు పెడుతున్నారు. ఇద్దరు స్త్రీలు తమ మందను ఆపుకుని ఒక పక్కన నిలబడి ఉన్నారు. మూసా (అ) వారి ఇబ్బంది ఏమిటో అడిగారు. తండ్రి బాగా ముసలివాడనీ, కాపరులు వెళ్లేదాకా తాము ఆగక తప్పదనీ వారు చెప్పారు. ఆయన వారి మందకు నీళ్లు పెట్టి, కూలి అడగకుండా నీడలోకి వెళ్లి కూర్చున్నారు. అప్పుడు తన ప్రభువుతో, నీవు ఏ మేలు పంపినా నేను దాని అవసరంలోనే ఉన్నానని మొరపెట్టుకున్నారు.

ఇక్కడ వరుసను గమనించండి. ముందు ఎదుటివారి అవసరం కంటపడింది. తర్వాత చేతనైన సాయం జరిగింది. ఆ తర్వాత దుఆ. ఉపాధి వీటన్నిటి తర్వాత వచ్చింది. ఆ ఇద్దరిలో ఒకరు సిగ్గుపడుతూ వచ్చి, తండ్రి పిలుస్తున్నారని చెప్పారు. పనిలో పెట్టుకోదగ్గ మనిషి బలం, నమ్మకం రెండూ ఉన్నవాడేనని తండ్రికి సలహా ఇచ్చింది కూడా ఆ అమ్మాయే. మూసా (అ)కు ఎనిమిదేళ్ల పని కుదిరింది. పదేళ్లు చేస్తే అది ఆయన ఇష్టం. ఇల్లాలు, ఇల్లు కూడా అక్కడే దొరికాయి.

ఇక నాలుగు ప్రశ్నలకు వద్దాం.

మొదటి ప్రశ్న: ఈ పని హలాలేనా?

మంచిలో, దైవభీతిలో ఒకరికొకరు సహకరించుకోవాలనీ, పాపంలో, దౌర్జన్యంలో సహకరించకూడదనీ దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తోంది (5:2). ఉద్యోగమంటేనే ఒకరి పనికి మన రెక్కల కష్టంతో సహకరించడం. కాబట్టి ఈ ఆయతు ప్రతి ఉద్యోగికీ వర్తిస్తుంది. వడ్డీ తినేవాడినే కాదు, ఇచ్చేవాడినీ, ఆ పత్రం రాసేవాడినీ, దానికి సాక్షులుగా నిలిచేవారినీ ప్రవక్త (స) శపించారు. వారంతా సమానమేనన్నారు (ముస్లిం). ఆ వడ్డీని ఇంటింటికీ తిరిగి రాబట్టేవాడు ఈ వరుసలో ఎక్కడ నిలుస్తాడో మనమే ఆలోచించుకోవచ్చు.

ఇందులో ఇంకో కోణం కూడా ఉంది. అప్పు తీర్చలేని ఇబ్బందిలో ఉన్నవాడికి గడువు ఇవ్వాలనీ, వదిలేస్తే మరీ మంచిదనీ అల్లాహ్ చెబుతున్నాడు (2:280). వసూలు ఉద్యోగికి మాత్రం గడువు ఇచ్చిన కొద్దీ కమిషన్ తగ్గుతుంది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక పేదలు ఆత్మహత్యలు చేసుకుంటున్నారని గగ్గోలు పుట్టింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం వాటిని కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వాకిట్లో నిలబడి ఒక పేదరాలిని నలుగురి ముందు నిలదీసే పని ఒక యువకుడి మనసును ఏం చేస్తుంది? మొదటి నెల చేయి వణుకుతుంది. ఆరో నెలకు వణకదు. అసలు నష్టం అదే.

ఇప్పటికే ఇలాంటి పనిలో ఉండి, ఇంటి భారమంతా మోస్తున్న సోదరులు ఏం చేయాలి? నిరాశపడవద్దు. ముందు మనసులో దాన్ని సమర్థించుకోవడం మానాలి. తర్వాత వేరే దారి నిజాయితీగా, గట్టిగా వెతకాలి. తమ పరిస్థితిని దగ్గరలోని నమ్మకమైన ముఫ్తీకి వివరంగా చెప్పి సలహా తీసుకోవాలి. చుట్టూ ఉన్నవారి బాధ్యత కూడా తక్కువ కాదు. 'మానెయ్' అనడం తేలిక. ఇంకో పని చూపించడం సున్నత్‌కు దగ్గర.

రెండవ ప్రశ్న: దీని అవసరం ఎవరికి ఉంది?

ఫర్జె కిఫాయా అనే మాట మీరు విని ఉంటారు. కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ చేయకపోతే అందరూ పాపులవుతారు. జనాజా నమాజు దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ. కానీ ధర్మవేత్తలు దీన్ని జనాజాతోనే ఆపలేదు. హిజ్రీ 505 (క్రీ.శ. 1111)లో మరణించిన ఇమామ్ గజ్జాలీ (రహ్మతుల్లాహి అలైహ్) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో వైద్యాన్ని, లెక్కల్ని, సేద్యాన్ని, నేతపనిని, కుట్టుపనిని కూడా ఫర్జె కిఫాయాలో చేర్చారు. తమ కాలపు ఊళ్లలో ముస్లిం వైద్యుడు ఒక్కడూ లేకపోయినా, ఫిఖ్హ్ చర్చలు నేర్చుకోవడానికి మాత్రం జనం ఎగబడుతున్నారని ఆవేదన చెందారు. అది ఒక మదర్సా ఉపాధ్యాయుడి మాటే. ఈ వ్యాసం రాస్తున్నవాడూ మదర్సాలో చదువుకున్నవాడే.

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను చూడండి. మదీనాలో యూదుల నుండి వచ్చే ఉత్తరాలు చదవడానికి, వారికి జవాబు రాయడానికి నమ్మకమైన మనిషి కావలసి వచ్చింది. ప్రవక్త (స) ఆ లిపి నేర్చుకోమని ఆయనకు చెప్పారు. జైద్ (రజి) పదిహేను రోజుల్లోనే నేర్చుకున్నారు (తిర్మిజీ, అబూ దావూద్). అప్పుడు ఆయన నూనూగు మీసాల కుర్రవాడు. నాకేం ఇష్టమని కాక, ఇక్కడ ఏం లోటు ఉందని ఆయన చూశారు.

ఈ చూపుతో మీ మండలాన్ని ఒకసారి చూడండి. కాన్పు సమయంలో మన ఆడవాళ్ల మాట అర్థమయ్యే నర్సు ఉందా? ఉర్దూ మీడియం బడిలో లెక్కలు బాగా చెప్పే టీచరు ఉన్నారా? వారసత్వ తగాదా వస్తే ఇటు షరీఅత్, అటు కోర్టు పద్ధతి తెలిసి రాజీ కుదిర్చే వకీలు ఉన్నారా? చెవిటి పిల్లలకు మాట నేర్పేవారు, కిడ్నీ రోగులకు డయాలిసిస్ చేసే టెక్నీషియన్లు, మోసం చేయని ఎలక్ట్రీషియన్... వీరెందరున్నారు? 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం ఉంటే, ఐ.ఎ.ఎస్.లలో 3 శాతం, ఐ.పి.ఎస్.లలో 4 శాతం మాత్రమే ఉన్నారు. ఫలానా చోట మనవాళ్లు లేరని బాధపడతాం. మన ఇంట్లోంచి ఎవరిని అటు పంపామని అడుక్కోవాలి కదా!

సేవ అంటే మనవారికే అని కూడా అనుకోరాదు. దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడు. ప్రాణమున్న ప్రతిదానికీ చేసే మేలులో పుణ్యం ఉందని ప్రవక్త (స) ఆ సందర్భంలో తెలిపారు (బుఖారీ, ముస్లిం). అలాంటప్పుడు పొరుగింటి మనిషి ఏ మతస్థుడైనా ఆయన అవసరం తీర్చడంలో పుణ్యం లేకుండా పోతుందా?

మూడవ ప్రశ్న: దీనికి నేను తగినవాడినేనా?

అవసరం ఉంది కదా అని ప్రతి ఒక్కరూ ప్రతి పనిలోకీ దిగకూడదు. హజ్రత్ యూసుఫ్ (అ) రాజును ధాన్యాగారాల బాధ్యత అడిగినప్పుడు రెండు అర్హతలు చెప్పారు: కాపాడగలను, ఆ విషయం తెలిసినవాడిని (12:55). తర్వాత వచ్చిన ఏడేళ్ల కరువులో జనం ఆకలి తీరడానికి ఆ రెండే పనికొచ్చాయి. మద్‌యన్ అమ్మాయి చెప్పినవి కూడా ఇలాంటివే: బలం, నమ్మకం. ఒకటి సామర్థ్యం, రెండోది శీలం. సామర్థ్యం లేని మంచివాడు తెలియక నష్టం చేస్తాడు. నిజాయితీ లేని నేర్పరి తెలిసే నష్టం చేస్తాడు.

వైద్యం రాకుండానే వైద్యం చేసినవాడు జరిగిన హానికి బాధ్యుడని హదీసు చెబుతోంది (అబూ దావూద్, నసాయీ). మన పల్లెల్లో ఆర్.ఎం.పి.ల పేరుతో ప్రతి జ్వరానికీ ఇంజెక్షను పొడిచేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. సేవాభావం చదువుకు బదులు కాదు. అల్లాహ్ హజ్రత్ దావూద్ (అ)కు ఇనుమును మెత్తగా చేసి ఇచ్చాడు. అలా ఇచ్చి కూడా కవచం కడియాలను సరైన కొలతతో అల్లమని ఆదేశించాడు (34:10, 11). ప్రవక్త చేసే పనికీ కొలత తప్పలేదు.

హజ్రత్ అబూ జర్ర్ (రజి) ఎంతటి సత్యసంధుడో మనకు తెలుసు. ఆయన ఒక అధికార పదవి అడిగితే ప్రవక్త (స) ఆయన భుజం తట్టి, నీవు దీనికి బలహీనుడవనీ, ఇది ఒక అమానత్ అనీ వివరించారు (ముస్లిం). అందులో అవమానం లేదు, ప్రేమే ఉంది. హజ్రత్ ఖాలిద్ (రజి) సేనాని, హజ్రత్ ఉబై (రజి) ఖుర్ఆన్ పండితుడు, హజ్రత్ హస్సాన్ (రజి) కవి. వారిలో ఒకరిని మరొకరి స్థానంలో నిలబెట్టలేదు. మనం మాత్రం అందరు పిల్లల్నీ ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో తోస్తున్నాం. మిషన్లు విప్పి బిగించడంలో ఆనందపడే పిల్లవాడిని పుస్తకాల ముందు కట్టేసి, చివరికి వాడు దేనికీ పనికిరాడని తిడుతున్నాం. పనిలో తృప్తి ఎక్కువగా తగిన చోట కుదిరినవాడికే దొరుకుతుంది.

నాల్గవ ప్రశ్న: ఈ పని నన్ను ఎలాంటివాడిని చేస్తుంది?

నమాజు వేళలు నిలుస్తాయా? ముసలి తల్లిదండ్రులను చూసుకోగలనా? భార్యాబిడ్డల దగ్గర ఉండగలనా? గల్ఫ్ వెళ్లి చెమటోడ్చి కుటుంబాన్ని నిలబెట్టిన సోదరుల త్యాగం గొప్పది. కానీ ఇక్కడే గౌరవంగా బతకగల దారి ఉన్నప్పుడు, పెద్ద ఇంటి కోసమో, పెళ్లి ఆర్భాటం కోసమో వెళ్లేవాడు ఒక లెక్క వేసుకోవాలి. ఆ ఇంట్లో పెరిగే బిడ్డకు తండ్రి ఫోనులో మాత్రమే ఉంటాడు.

సంపద అంటే సామాన్లు ఎక్కువ ఉండటం కాదనీ, మనసు నిండుగా ఉండటమే అసలైన సంపద అనీ ప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). నెల జీతం ఆ నిండుదనాన్ని ఇవ్వదు. నా వల్ల ఇవాళ ఒకరి కష్టం తీరిందన్న ఎరుక, తింటున్నది హలాల్ అన్న ధీమా కొంత ఇస్తాయి.

ఆడపిల్లల చదువు, నా పొరపాటు

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. మదర్సా నుండి బయటికొచ్చిన కొత్తలో ఒక కుటుంబం ఇదే నర్సింగు ప్రశ్న అడిగింది. నేను ముందూ వెనకా ఆలోచించకుండా, మన ఆడపిల్లలకు ఎందుకమ్మా అన్నాను. ఆ అమ్మాయి చదువు అక్కడితో ఆగిపోయింది.

కొన్నేళ్లకు మా అమ్మీకి జబ్బు చేసి ఆస్పత్రిలో చేర్చాం. ఆమెకు తెలుగు అంతంత మాత్రం. పరాయి మగవాడు బట్ట సర్దితే ముఖం తిప్పుకుని ఏడ్చేది. రెండో రాత్రి డ్యూటీకి తలకు స్కార్ఫు చుట్టుకున్న ఒక నర్సు వచ్చింది. "అమ్మీ, ఫికర్ నక్కో కరో" అంటూ తెర లాగి, ఒళ్లు తుడిచి, తయమ్ముమ్ చేయించి, నమాజుకు మంచాన్ని ఖిబ్లా వైపు తిప్పింది. నేను బయట వరండాలో నిలబడి విన్నాను. నేను ఆపేసిన ఆ అమ్మాయి గుర్తొచ్చింది. ఎందరు తల్లుల దగ్గర నుండి ఇలాంటి చేతిని లాగేశానో అనిపించి, అక్కడే తౌబా చేసుకున్నాను.

చదువుకుని ఉండి కూడా నేను మరచింది ఏమిటి? గాయపడినవారికి చికిత్స చేసిన హజ్రత్ రుఫైదా (రజి)ను మరిచాను. ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను ప్రవక్త (స) ఆమె దగ్గరే ఉంచమన్నారు (అల్ అదబుల్ ముఫ్రద్). హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) యుద్ధాల్లో నీళ్లు అందించి, గాయాలకు కట్లు కట్టానని చెప్పారు (బుఖారీ). హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) హజ్రత్ హఫ్సా (రజి)కు రాత నేర్పారు (అబూ దావూద్).

షరీఅత్ హద్దులు ఉన్నాయి, ఉండాలి. దుస్తుల మర్యాద, పరాయి మగవారితో ఏకాంతం లేకపోవడం, రాకపోకల భద్రత చూసుకోవాలి. స్త్రీల వార్డు, కాన్పుల విభాగం ఉన్న చోటును ఎంచుకోవాలి. హద్దులు పాటించడానికి దారి వెతకడం పెద్దల పని. దారి మూసేయడం కాదు. మన ఇంటి ఆడవాళ్లకు లేడీ డాక్టరే కావాలని పట్టుబట్టి, మన ఇంటి ఆడపిల్లను మాత్రం చదివించమంటే ఇక ఆ లేడీ డాక్టరు ఎక్కడి నుండి వస్తుంది?

చిన్న పని అంటూ లేదు

మస్జిదె నబవీని ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. ఆమె కనిపించకపోతే ప్రవక్త (స) అడిగారు. ఆమె చనిపోయిందని చెప్పారు. అంత చిన్న విషయం తమ దాకా ఎందుకని ఎవరూ తెలియజేయలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగి, ఆమె సమాధి దగ్గరకు వెళ్లి ఆయన నమాజు చేశారు (బుఖారీ, ముస్లిం). 2020, 2021లలో కరోనా వచ్చినప్పుడు అంబులెన్సు డ్రైవరు, ఆక్సిజన్ సిలిండరు మోసిన కుర్రవాడు, మయ్యత్‌ను ఖననం చేసినవారు, వీధి ఊడ్చిన కార్మికులు లేకపోతే మన గతి ఏమయ్యేది? అప్పుడు దుఆలిచ్చిన నోటితో ఇప్పుడు వారి పనిని చిన్నచూపు చూడటం న్యాయమా?

ఇంట్లో ఏం చేయాలి?

మొదట, పిల్లలతో కూర్చుని ఈ నాలుగు ప్రశ్నలు ఒక కాగితం మీద రాయండి. జవాబులు వారినే రాయనివ్వండి.

రెండవది, ఆ పనిలో ఇప్పటికే ఉన్న ఇద్దరిని కలిపించండి. మంచి మాత్రమే కాదు, కష్టాలూ అడగమనండి. వీలైతే ఒక రోజు వారితో ఉంచండి.

మూడవది, వివరాలు తెలుసుకోండి. జి.ఎన్.ఎం. మూడేళ్లు, బి.ఎస్సి. నర్సింగు నాలుగేళ్లు. ఉర్దూ చదివినవారికి యునానీ వైద్యం ఒక దారి. హైదరాబాదులో, కర్నూలులో యునానీ కళాశాలలున్నాయి. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ కూడా నడుపుతోంది.

నాల్గవది, మష్వరా చేసి ఇస్తిఖారా చేయండి. ఇస్తిఖారా అంటే కల కోసం ఎదురుచూడటం కాదు. ప్రవక్త (స) నేర్పిన దుఆలో, ఈ పని నా దీన్‌కూ, బతుక్కూ, అంతిమ ఫలితానికీ మేలైతే సులభం చేయమనీ, కీడైతే నా నుండి మళ్లించమనీ, ఇచ్చినదానిపై నన్ను తృప్తిపరచమనీ వేడుకుంటాం (బుఖారీ). తృప్తి కూడా అడిగి తీసుకోవలసిన వరమే.

మొదట చెప్పిన ఆ తండ్రి దగ్గరకు మరుసటి వారం నేనే వెళ్లాను. ఇదంతా ఆయనతో మాట్లాడాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. కొడుకు ఆ ఉద్యోగంలో చేరలేదు. ఒక ఏసీ మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు చేతికొచ్చేది తక్కువే. తండ్రి అప్పుడప్పుడూ నిట్టూరుస్తూనే ఉన్నారు. అమ్మాయి నర్సింగు దరఖాస్తు మీద మాత్రం ఆయనే సంతకం పెట్టారు. ఈసారి మిఠాయి నేను తీసుకెళ్లాను.

తన సోదరుడికి సాయపడుతున్నంత కాలం దాసుడికి అల్లాహ్ సాయం అందుతూ ఉంటుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (ముస్లిం). అల్లాహ్ మన పిల్లలకు హలాలైన, పదిమందికీ మేలు చేసే ఉపాధిని, అందులో నేర్పును, నిజాయితీని, మనశ్శాంతిని ప్రసాదించుగాక! మన పొరపాటు సలహాల వల్ల ఆగిపోయిన బిడ్డలకు ఇంకా మంచి దారులు తెరుచుగాక! ఆమీన్.